గాలికుంటుకు ఫ్లూ మాత్ర వేయొచ్చా?

ప్రశ్న: మా జెర్సీ ఆవుకు గాలికుంటు వచ్చింది. నోట్లో పుళ్లు, చొంగ, కుంటు. వైరస్ ఆకారం చూసి మందులు తయారు చేస్తున్నారని మా అబ్బాయి అంటున్నాడు. ఇంట్లో స్వైన్‌ఫ్లూ మాత్రలు మిగిలాయి, వేయొచ్చా?
– ఒక రైతు, రాజాం మండలం, విజయనగరం జిల్లా

జవాబు: వేయకండి. మీ అబ్బాయి చెప్పింది నిజమే గానీ, ఆ మాత్ర వేరే వైరస్ కోసం చేసింది. ఫ్లూ వైరస్ పైన న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కణంలో తయారైన కొత్త వైరస్‌లు విడివడి బయటికి రావాలంటే అదే కత్తెర. దాని ఆకారం 1983లో తెలిసింది. అందులోని గుంటలో ఇమిడిపోయేలా చేసిన మందే మీ దగ్గరున్న ఒసెల్టామివిర్. గాలికుంటు వైరస్‌కు ఆ ఎంజైమే లేదు, ఇక మాత్ర దేన్ని పట్టుకుంటుంది?

గాలికుంటు వైరస్ ఆకారం కూడా 1989లోనే తెలిసింది. కానీ దీని పెంకు నున్నగా ఉంటుంది. దీని చుట్టమైన జలుబు వైరస్ పెంకులో ఉన్నట్టు, మందు దూరే సందు దీనికి లేదు. ఈ వైరస్‌ను చంపే ఇంజెక్షన్ ఉందని ఎవరైనా అమ్మజూస్తే నమ్మకండి.

ఆ పరిశోధన వృథా కాలేదు. ఈ పెంకు 12 ముక్కల కూర్పు. కాస్త ఆమ్లం తగిలినా, వేడి తగిలినా అతుకులు ఊడిపోతాయి. టీకాలో ఉండేది చంపిన వైరసే అయినా, పెంకు చెక్కుచెదరకుండా ఉంటేనే పశువుకు రక్షణ. 2–8 డిగ్రీల చల్లదనం అందుకే. ఐస్ లేని డబ్బాలో తెచ్చిన టీకా వేయించొద్దు. ఆ అతుకుల దగ్గర చిన్న మార్పులు చేసి, వేడికి నిలిచే పెంకులను ల్యాబ్‌లో తయారు చేశారు కూడా. నన్నడిగితే, ఈ జబ్బుకు మాత్ర కన్నా అలాంటి టీకాయే ముందు వస్తుంది.

గాఢమైన క్షారానికీ ఈ వైరస్ నిలవదు. 10 లీటర్ల నీళ్లలో 400 గ్రాముల బట్టల సోడా (వంట సోడా కాదు) కలిపి శాల నేల, తొట్టి కడగండి. తొట్టిని తర్వాత మంచినీళ్లతో కడిగేయండి.

ఆవు నోరు, గిట్టలు లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, నాలుకకు బోరోగ్లిజరిన్ రాయండి. గడ్డి నమలలేదు కాబట్టి చల్లారిన చోడి అంబలి, గంజి పట్టండి. పుళ్లకు చీము పట్టకుండా యాంటీబయాటిక్ అవసరమో కాదో పశువైద్యుడే చెప్పాలి, 1962కు ఫోన్ చేయండి. తగ్గేదాకా ఆవును విడిగా కట్టండి, సంతకు తోలొద్దు.

పెయ్య ఉంటే మాత్రం దాన్ని ఈ రోజే తల్లి దగ్గర నుంచి తప్పించండి. పాలు తాగే దూడల్లో ఈ వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, నోట్లో పుండు కనిపించకుండానే దూడ చనిపోవచ్చు.