జూలో పుట్టిస్తే ఒరాంగుటాన్లు బతికిపోతాయా?

ప్రశ్న: మన హైదరాబాద్ జూలో మూషిక జింకలను పెంచి, వాటి సంతతిని నల్లమలలో వదిలారని చదివాను. ఒరాంగుటాన్లు (ఇండోనేషియా, మలేషియా అడవుల్లో ఉండే తోకలేని పెద్ద కోతులు) అంతరించిపోతున్నాయని ఇంత గోల చేస్తున్నారు కదా, వాటినీ అలాగే జూల్లో పుట్టించి అడవిలో వదిలేయొచ్చుగా? డబ్బుల సమస్యా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: డబ్బుల సమస్య కొంత ఉంది గానీ అసలు చిక్కు అది కాదండీ. మూషిక జింక పిల్ల పుట్టిన కాసేపటికే లేచి నిలబడుతుంది, ఏడాదిలోపే ఎదకొస్తుంది, రాలిన పండు తినమని దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒరాంగుటాన్ పిల్ల అలా కాదు, ఏడెనిమిదేళ్లు తల్లిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఏ పండు ఎప్పుడు ఎక్కడ కాస్తుంది, ఏ చెట్టు బెరడు ఒలుచుకు తినొచ్చు, చీకటి పడేలోపు కొమ్మలు వంచి పడుకోవడానికి గూడు ఎలా కట్టుకోవాలి, ఇవన్నీ తల్లిని చూసి నేర్చుకోవాల్సిందే. జూలో పుట్టి పెరిగిన తల్లికే ఆ సంగతులు తెలియనప్పుడు పిల్లకేం నేర్పుతుంది?

అలాగని ఎవరూ ప్రయత్నించలేదని కాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ జూలో పుట్టిన టెమారా అనే ఆడ ఒరాంగుటాన్‌ను 2006లో ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో బుకిత్ తిగపులు నేషనల్ పార్కులో వదిలారు. తర్వాత 2011లో అదే జూ నుంచి ఒక మగదాన్ని పంపారు. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అంతే.

ఇంకో తలనొప్పి ఉంది. బోర్నియో ఒరాంగుటాన్, సుమత్రా ఒరాంగుటాన్ వేర్వేరు జాతులు. ఆ తేడా పట్టించుకోకుండా చాలా జూలు రెండింటినీ కలిపి పిల్లల్ని పుట్టించాయి. 1980ల్లో అమెరికా జూలు తెలివి తెచ్చుకుని ఆ పని ఆపేశాయి గానీ, అప్పటికే పుట్టిన సంకర పిల్లలను ఏ అడవికి పంపాలి? పైగా జూ జంతువులకు మనుషుల నుంచి క్షయ లాంటివి అంటుకుంటే అడవిలో ఉన్న వాటికీ ముప్పే. (మూడో జాతి తపనులి. దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించిందే 2017లో! ఉత్తర సుమత్రాలో బతాంగ్ తోరు అడవిలో 800 కూడా లేవు.)

ఇదంతా ఒక ఎత్తు. నన్నడిగితే అసలు ఆ దీవుల్లో ఒరాంగుటాన్ పిల్లలకు కొరతే లేదు. బోర్నియో దీవిలో 1999లో మొదలైన న్యారు మెంతెంగ్ సంరక్షణ కేంద్రం చూడండి, తల్లిని చంపి పెంపకానికి ఎత్తుకెళ్లిన పిల్లలు, అడవి కొట్టి వేసిన పామాయిల్ తోటల పక్కన అనాథలుగా దొరికిన పిల్లలు వందల్లో అక్కడికి చేరాయి. ఆయాలు వాటిని రోజూ పొద్దున్నే ఎత్తుకుని చెట్ల దగ్గరికి తీసుకెళ్తారు, ఎక్కడం, తిండి వెతుక్కోవడం, పామును చూస్తే జడుసుకోవడం దాకా నేర్పిస్తారు. దాన్ని అడవి బడి అంటారు. కొన్నేళ్ల బడి అయ్యాక నది మధ్య లంకల్లో ఉంచి, సొంతంగా బతకగలవని నమ్మకం కుదిరితే అప్పుడు అడవికి. 2012లో బుకిత్ బతికప్ అడవిలో అలా వదలడం మొదలుపెట్టారు. మనుషులకు మరీ మాలిమి అయిపోయినవి మాత్రం ఎప్పటికీ వెనక్కి వెళ్లలేవు. ఇంత చేశాక కూడా, వాటిని వదలడానికి నరకని అడవి దొరకడమే పెద్ద పని.

లెక్క చూడండి. ఆడ ఒరాంగుటాన్ ఏడెనిమిదేళ్లకు ఒక్క పిల్లను కంటుంది. అందుకే ఏటా నూటికి ఒక్క ఆడది అదనంగా మనుషుల చేతిలో చచ్చినా ఆ గుంపు నెమ్మదిగా తరిగిపోతుంది. 1999–2015 మధ్య ఒక్క బోర్నియోలోనే లక్షకు పైగా పోయాయని 2018లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ లోటు ఏ జూ పూడుస్తుంది? దానికంటే ఉన్నచోట ఉన్నవాటిని కాపాడటం తేలిక. బోర్నియోలో మలేషియా రాష్ట్రమైన సబాలో, కినబతంగన్ నది దగ్గర తోటలు అడవిని ముక్కలు చేసేస్తే, వాగులు దాటడానికి పాత ఫైర్ హోస్ పైపులతో వంతెనలు కట్టారు. ఒరాంగుటాన్లు మొదట చాన్నాళ్లు అనుమానంగా చూసినా, తర్వాత వాటి మీదుగా దాటడం మొదలుపెట్టాయి.

ప్రశ్న: పామాయిల్ వాడితే ఒరాంగుటాన్లను చంపినట్టే అని మా అమ్మాయి ఇంట్లో గొడవ. మాకు పెదవేగి దగ్గర ఎనిమిదెకరాల ఆయిల్‌పామ్ తోట ఉంది. నేనేం చెప్పాలి?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: మీ తోటకూ ఒరాంగుటాన్‌కూ సంబంధం లేదని చెప్పండి. మీరు వేసింది సాగు భూమిలో, అడవి నరికి కాదు. ఆయిల్‌పామ్ నీళ్లు బాగా తాగే పంట కదా, ఆ నీళ్ల గురించి అడిగితే మాత్రం మీ దగ్గర జవాబుండాలి. అయితే అమ్మాయి మాటలో నిజం లేకపోలేదు. ప్రపంచంలో పామాయిల్ ఎక్కువగా దిగుమతి చేసుకునేది మనమే, అది వచ్చేది ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచే. చిప్స్, బిస్కెట్లు, సబ్బులు, అన్నిట్లో ఉంటుంది. కానీ పూర్తిగా మానేస్తే? అంత నూనె సోయా నుంచో పొద్దుతిరుగుడు నుంచో తీయాలంటే ఇంకా ఎన్నో రెట్ల భూమి కావాలి, అప్పుడు వేరే ఖండంలో వేరే అడవి పోతుంది. గొడవంతా చెట్టుతో కాదు, ఏ నేలలో నాటారన్నదానితో. కొత్తగా అడవి కొట్టి వేసిన తోట నుంచి గెలలు కొనబోమని పెద్ద కంపెనీలు చెబుతున్న మాట నిలబెట్టుకుంటున్నాయా లేదా అని మీ అమ్మాయి లాంటివాళ్లు అడుగుతూ ఉండాలి. అడగనివ్వండి.

ప్రశ్న: ఒరాంగుటాన్‌ను చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? భువనేశ్వర్‌లో ఉండేదట?
– ఇచ్ఛాపురం నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఉండేదమ్మా, నందన్‌కానన్ జూలో బిన్నీ అని. 2019లో చనిపోయింది. ఒరాంగుటాన్ కాకపోయినా దాని చుట్టాన్ని చూడాలంటే ఈసారికి అస్సాం వెళ్లు. మన దేశంలో సహజంగా ఉండే ఏప్ (తోకలేని కోతి) జాతి గిబ్బన్లే. జోర్హాట్ దగ్గర హొల్లోంగాపార్ అభయారణ్యంలో పొద్దున్నే కనిపిస్తాయి, కనిపించకపోయినా వాటి కేకలు మాత్రం వినిపిస్తాయి.