నీట మునిగిన నాన్నగారి అంబాసిడర్: 'టోటల్ లాస్' కాగితంపై సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, కంచరపాలెం. నాన్నగారు 1973లో కొత్తగా కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆయన పోయి రెండు నెలల పది రోజులైంది. మొన్నటి తుపానుకి గెడ్డ పొంగి షెడ్డులోకి నీళ్లొచ్చేశాయి. రాత్రంతా కారు సీట్ల దాకా నీళ్లలోనే ఉంది. ప్యాకేజీ పాలసీ (మన కారుకి జరిగిన నష్టానికి కూడా డబ్బిచ్చే ఇన్సూరెన్స్) నాన్నగారి పేరు మీద ఫిబ్రవరి వరకు ఉంది, ఐడీవీ, అంటే పాలసీలో రాసిన కారు విలువ, 80,000 రూపాయలు. ఆర్‌సీ కూడా రెన్యువల్ అయి ఉంది. మెకానిక్ 92,000 ఎస్టిమేట్ ఇచ్చాడు. అందులో ఇనుప పార్టులకి 48,000, రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లు, బ్యాటరీకి 20,000, లేబర్‌కి 24,000. నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయరేమో "యాభై ఏళ్ల బండి, ఎలాగూ స్క్రాపే. టోటల్ లాస్ కింద డబ్బు తీసుకుని ఆర్‌సీ క్యాన్సిలేషన్‌కి సంతకం పెట్టండి" అంటున్నారు. అమ్మ కారు వదులుకోనంటోంది. నీళ్లు తీశాక మెకానిక్ ఒకసారి సెల్ఫ్ కూడా కొట్టాడు, స్టార్ట్ అవలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందుగా ఒక్క మాట. ఆ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. మీ అమ్మగారు కారు ఉంచుకుంటానంటున్నారంటే చట్టం ఆవిడకు అడ్డు రాదు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే అసలు ఇది టోటల్ లాస్, అంటే రిపేరు గిట్టుబాటు కానంత నష్టం, అవునో కాదో కూడా ఇంకా తేలలేదు.

యాభై ఏళ్ల బండి కాబట్టి స్క్రాపే అన్న మాట తప్పు. సొంత వాడకం కార్లకి ఆర్‌సీ మొదట 15 ఏళ్లకు ఇస్తారు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. పదిహేనేళ్ల పెట్రోలు కార్లు రోడ్డెక్కకూడదన్న ఆంక్షలు ఢిల్లీ పరిసరాలకి సంబంధించినవి, విశాఖకి వర్తించవు. నాన్నగారు ఆర్‌సీ రెన్యువల్ చేయించి పెట్టడం ఇప్పుడు మీకు పెద్ద అండ. రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు మీద తిప్పితే పాలసీ షరతును మౌలికంగా ఉల్లంఘించినట్టేనని సుప్రీంకోర్టు 2014లో నరీందర్ సింగ్ కేసులోనూ, 2021లో సుశీల్ కుమార్ గోదారా కేసులోనూ చెప్పింది. షెడ్డులో ఆగి ఉన్న బండి సంగతి వేరని వాదించవచ్చు గానీ, మీకు ఆ వాదన అవసరమే రాదు. పాత కార్లున్న మిగతా పాఠకులు మాత్రం ఒకసారి తమ ఆర్‌సీ తేదీ చూసుకోండి.

ఇక టోటల్ లాస్ విషయానికి వద్దాం. మీ పాలసీ పుస్తకం తీసి ఐడీవీ గురించి రాసిన పేరా చదవండి. రిపేరు ఖర్చు 'పాలసీ నియమ నిబంధనలకు లోబడి' ఐడీవీలో 75 శాతం దాటితేనే టోటల్ లాస్‌గా పరిగణించాలని మామూలు ప్యాకేజీ పాలసీల్లో ఉంటుంది. అసలు విషయమంతా ఆ 'లోబడి' అన్న మాటలోనే ఉంది. మీ 80,000లో 75 శాతం అంటే 60,000. మెకానిక్ రాసిన 92,000 చూస్తే దాటినట్టే కనిపిస్తుంది. కానీ ఆ 92,000 మొత్తం కంపెనీ ఇవ్వదు. పదేళ్లు దాటిన బండికి పార్టుల మీద 50 శాతం తరుగుదల కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీలకి బండి వయసుతో పని లేకుండా 50 శాతమే. లేబర్‌కి కోత లేదు. ఆ లెక్కన ఇనుప పార్టులకి 24,000, రబ్బరు వగైరాలకి 10,000, లేబర్‌కి 24,000 కలిపి 58,000. మీ కారు ఇంజన్ 1,489 సీసీ కాబట్టి తప్పనిసరి మినహాయింపు, అంటే క్లెయిమ్‌లో యజమానే భరించాల్సిన వాటా, 1,000 తీసేస్తే 57,000. ఇది 60,000 లోపే. అంటే తరుగుదల కోసుకునేటప్పుడు నిబంధనలు చూపించి, 75 శాతం లెక్క దగ్గర మాత్రం వాటిని పక్కన పెట్టడం కుదరదని మీరు రాతపూర్వకంగా అడగవచ్చు. ఈ వాదన నిలిస్తే కారు రిపేరు క్లెయిమ్ కిందికి వస్తుంది, ఆర్‌సీ జోలికి ఎవరూ రారు. మిగతా 35,000 మీ చేతి నుంచి పడుతుంది. అది కూడా ఇప్పుడే మనసులో పెట్టుకోండి.

ఒకవేళ ఇంజన్ విప్పాక ఎస్టిమేట్ పెరిగి నిజంగానే 75 శాతం దాటిందనుకుందాం. అప్పుడైనా కారు ఇచ్చేయాల్సిన పని లేదు. పాలసీ ప్రకారం టోటల్ లాస్‌లో కంపెనీ ఇచ్చేది ఐడీవీలోంచి శిథిలం విలువ, అంటే సాల్వేజ్ తీసేయగా మిగిలిన మొత్తం. ఆ సాల్వేజ్ కంపెనీయే తీసుకోవాలని లేదు. సర్వేయర్లు దీన్నే 'నెట్ ఆఫ్ సాల్వేజ్' అంటారు. అందులో 'విత్ ఆర్‌సీ', 'వితౌట్ ఆర్‌సీ' అని రెండు రకాలు. మీకు కావలసింది 'విత్ ఆర్‌సీ'. సాల్వేజ్ 30,000 అని తేలితే, 80,000లోంచి ఆ 30,000, మినహాయింపు 1,000 పోను 49,000 చేతికొస్తుంది, కారూ ఆర్‌సీ మీ దగ్గరే ఉంటాయి. 'వితౌట్ ఆర్‌సీ' అయితే సాల్వేజ్ విలువ తక్కువ వేస్తారు కాబట్టి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. కానీ ఒకసారి రిజిస్ట్రేషన్ రద్దయ్యాక ఆ కారు ఇంట్లో బొమ్మలా మిగిలిపోతుంది. ఆ నాలుగు డబ్బులకు ఆశపడకండి.

ఆర్‌సీ రద్దు చట్టప్రకారం తప్పనిసరి అని మీతో అనవచ్చు. వాళ్లు చెప్పేది మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్. బండి పూర్తిగా నాశనమైనప్పుడు, లేదా శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయినప్పుడు యజమాని 14 రోజుల్లో ఆర్‌టీఏకి తెలపాలని ఆ సెక్షన్ చెబుతుంది. 92,000 పెడితే నడుస్తుందని మెకానిక్ రాసిచ్చిన కారు శాశ్వతంగా పనికిరానిది ఎలా అవుతుంది? మెకానిక్ దగ్గర ఆ ఒక్క ముక్క లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే తొందరగా చూడాల్సిన సంగతి. పాలసీ నాన్నగారి పేరు మీద ఉంది. పాలసీదారు చనిపోతే పాలసీ ఆ రోజే ఆగిపోదు. చనిపోయిన నాటి నుంచి మూడు నెలలు, లేదా పాలసీ గడువు, ఏది ముందైతే అప్పటి వరకు అమల్లో ఉంటుందని షరతుల్లో ఉంటుంది. తుపాను ఆ మూడు నెలల లోపే వచ్చింది కాబట్టి మీ క్లెయిమ్‌కి ఢోకా లేదు. అయితే వారసులు పాలసీని తమ పేరుకు మార్చుకోవాలన్నా, కొత్తది తీసుకోవాలన్నా దరఖాస్తు ఇచ్చేది కూడా ఆ మూడు నెలల్లోనే. మీకు మిగిలింది ఇరవై రోజులు. డెత్ సర్టిఫికెట్, ఒరిజినల్ పాలసీ, కారు మీ కుటుంబానిదేనని చూపే ఆర్‌సీ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేసి ఈ వారమే దరఖాస్తు ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

ఆర్‌టీఏ దగ్గర కూడా గడువులున్నాయి. యజమాని చనిపోతే 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి, మూడు నెలల్లో ఫారం 31లో పేరు మార్పుకి దరఖాస్తు చేయాలి. ముప్పై రోజులు దాటిపోయాయని కంగారు పడొద్దు. పేరు మార్పు జరిగే దాకా కారును రోడ్డు మీద నడపకుండా ఉండండి, ఫారం 31 మాత్రం గడువు లోపల వేసేయండి. అమ్మగారు, మీరు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లూ, నానమ్మగారు ఉంటే ఆవిడా, అందరూ మొదటి తరగతి వారసులే. కారు ఎవరి పేరుకు మార్చాలో ముందే అనుకుని మిగతావాళ్ల దగ్గర అభ్యంతరం లేదని ఎన్‌వోసీలు తీసుకోండి. అమ్మగారి పేరుకే మార్చడం నాకు సబబుగా అనిపిస్తోంది.

సెల్ఫ్ కొట్టిన విషయం దాచకండి. నీళ్లు చేరిన ఇంజన్‌ని తిప్పితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అది వరద వల్ల నేరుగా జరిగిన నష్టం కాదు, తర్వాత చేసిన పని వల్ల వచ్చిందని కంపెనీలు ఇంజన్ భాగం వరకు క్లెయిమ్ తిరస్కరిస్తుంటాయి. ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకుని ఉంటే తప్ప ఈ గొడవ తప్పదు. మీ దగ్గర సెల్ఫ్ కొట్టింది ఒక్కసారే, ఇంజన్ స్టార్ట్ కూడా కాలేదు. లోపల ఏమైనా వంగిందా లేదా అన్నది ఇంజన్ విప్పితేనే తెలుస్తుంది. అందుకని సర్వేయర్ ఎదుటే విప్పమనండి, ప్రతి దశలో ఫొటోలు తీయండి. రాడ్లు బాగుంటే ఆ అభ్యంతరం అక్కడితో పోతుంది. ఒకవేళ వంగినా ఇంజన్ పోర్షన్ వరకే వివాదం. వైరింగ్, సీట్లు, బ్రేకులు, డైనమో, బాడీకి సంబంధించిన క్లెయిమ్‌ని దాంతో ముడిపెట్టనివ్వకండి.

మరోవైపు సర్వేయర్ కోసమని కారును బురదలోనే వదిలేయకండి. నష్టం పెరగకుండా యజమాని తగిన జాగ్రత్త తీసుకోవాలన్నది కూడా పాలసీ షరతే. సముద్రం గాలి ఉన్న మన ఊళ్లో తడిసిన ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు నీటి గీత కనిపించేలా డోర్లు, డాష్‌బోర్డు, ఇంజన్, ఛాసిస్ నంబరు ఫొటోలు తీయండి. బ్యాటరీ కనెక్షన్ తీసేయించండి. సీట్లు, కార్పెట్లు బయటికి తీసి ఆరబెట్టండి, పాత భాగాలేవీ పారేయకండి. ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్ దింపించి ఒక్కోదాంట్లోంచి కొంచెం సీసాలో పట్టి పేరు రాసి ఉంచండి. ఆయిల్‌లో నీళ్లు కలిశాయనడానికి అంతకంటే సాక్ష్యం లేదు. చేసే ముందు "నష్టం పెరగకుండా ఈ పనులు చేయిస్తున్నాం, మీరు వచ్చి చూడవచ్చు" అని కంపెనీకి మెయిల్ పెట్టండి. హుద్‌హుద్ తుపాను తర్వాత, 2014లో, నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి నష్టం నిజమే, చేతిలో ఫొటో మాత్రం లేదు. ఇల్లూ వాకిలీ బాగుచేసుకునే హడావుడిలో కడిగేసుకున్నారు. వాళ్ల తప్పు కాదది, కానీ క్లెయిమ్ దగ్గర బాగా నష్టపోయారు. కారుని ఆటోనగర్‌కి తరలించాలంటే తాడు కట్టి లాగకుండా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించండి. తరలింపు ఖర్చు మామూలు పాలసీలో 1,500 వరకే ఇస్తారు.

సర్వేయర్ నోటితో చెప్పింది తుది మాట కాదు. రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడగండి. సర్వే రిపోర్టు శిలాశాసనం కాదని ప్రదీప్ కుమార్ కేసులో 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. సర్వేయర్ నియామకం నుంచి 15 రోజుల్లో రిపోర్టు, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం రావాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ చెబుతోంది. నిర్ణయం మీకు నచ్చకపోతే కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, వారసులుగా మీరే వేయవచ్చు. లేదంటే రెండేళ్లలోపు విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. మీ ప్రీమియం లెక్కన కోర్టు ఫీజు ఉండదు. కమిషన్‌లో కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ అదే ఫిర్యాదు తీసుకోరు కాబట్టి ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడమే మేలు. ఇంకో జాగ్రత్త: 'ఫుల్ అండ్ ఫైనల్' అని ఉన్న ఓచర్ మీద ఊరికే సంతకం పెట్టకండి. బలవంతంగా, మోసంగా తీసుకున్న ఓచర్ అడ్డు కాదని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పినా, ఆ బలవంతాన్ని నిరూపించాల్సిన భారం మీ నెత్తిన పడుతుంది.

పాత ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ వేయిద్దామని మెకానిక్ అనవచ్చు, అంబాసిడర్లకి అది మామూలే. ఒప్పుకోకండి. ఇంజన్ మార్పుకి 52వ సెక్షన్ కింద ఆర్‌టీఏ అనుమతి కావాలి. అంతకంటే ముఖ్యంగా, 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉన్న కారుకే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. మీ కారుకి ఆ అర్హత ఇప్పటికే వచ్చింది. అయితే వింటేజ్ కింద మార్పిస్తే రోజూ తిప్పడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మెయింటెనెన్స్ లాంటి పనులకే రోడ్డెక్కాలి. అమ్మగారిని ఆదివారం సాయంత్రాలు బీచ్ రోడ్డుకి తీసుకెళ్లాలనుకుంటే ఇప్పుడున్న మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకోండి.

చివరిగా ఐడీవీ. కారు నిజంగా ఎంత విలువ చేసినా ఈసారి కంపెనీ బాధ్యత 80,000 దాటదు, ఏ కోర్టూ దాన్ని పెంచలేదు. కానీ అయిదేళ్లు దాటిన బండికి ఐడీవీ అంటే కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకున్న అంకె. ఇన్సూరెన్స్ టారిఫ్‌లో వింటేజ్ అంటే 1940 డిసెంబరు 31 లోపు తయారైన కార్లే కాబట్టి ఆ పేరుతో మీరు అడగలేరు. దానికి బదులు రిపేరు పూర్తయ్యాక లైసెన్స్ ఉన్న వాల్యుయర్‌తో రిపోర్టు రాయించి, బిల్లులన్నీ జతచేసి, ఫిబ్రవరిలో రెన్యువల్‌కి ముందే అమ్మగారి పేరు మీద కొత్త ఐడీవీ అడగండి.