డాక్టర్ సలహా: వార్డులో ఆ వాసనలు పడటం లేదు, నేను నర్సుగా పనికిరానా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు పూర్తిచేసి నాలుగు నెలలుగా ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను. రక్తం చూస్తే నాకేమీ కాదు. కానీ గొంతుకు గొట్టం వేసిన పేషెంటుకు సక్షన్ పెట్టి కళ్లె తీయాలన్నా, మంచం పుండ్లకు డ్రెస్సింగ్ చేయాలన్నా డోకు వచ్చేస్తోంది. మధ్యలో రెండు మూడుసార్లు బయటికి పరిగెత్తి, మళ్లీ లోపలికి వెళ్తున్నాను. ఇంటికెళ్లినా ఆ వాసన ముక్కులోనే ఉన్నట్టుంటుంది. చేపల పులుసంటే ప్రాణం, ఇప్పుడు ఆ గిన్నె మూత తీస్తే కడుపులో తిప్పుతోంది. మూడు కిలోలు తగ్గాను. ‘నువ్వు ఈ పనికి పనికిరావు’ అని సీనియర్ ఒకరు అన్నారు. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానేయొద్దమ్మా. మీ సీనియర్ అన్నమాట మనసులోంచి తీసేయండి. డోకు రావడానికీ సేవాగుణానికీ సంబంధం లేదు. కుళ్లినదాన్నీ మురికినీ దూరం పెట్టి మనిషిని రోగాల నుంచి కాపాడటానికి శరీరం పెట్టుకున్న కాపలా అది. చూపు, వినికిడి లాంటివి ముందు మెదడులో థాలమస్ అనే కూడలికి చేరి, అక్కడి నుంచి మిగతా చోట్లకు వెళ్తాయి. వాసన ఆ కూడలిలో ఆగదు. నేరుగా భయం, అసహ్యం, జ్ఞాపకం చూసుకునే భాగాలకు చేరిపోతుంది. అందుకే ఇది ఫలానా వాసన అని మీరు అనుకునేలోపే కడుపు తిప్పుతుంది, ఇంటికెళ్లాక కూడా గుర్తొస్తుంది. ఒకసారి వికారంతో ముడిపడిన తిండి కొన్నాళ్లు సహించదు. మీ చేపల పులుసు సంగతి అదే.

నా హౌస్ సర్జన్సీ రోజుల్లో ఒక షుగర్ పేషెంటు వచ్చాడు. పాదం పుండులో పురుగులు పట్టాయి. కట్టు విప్పగానే నేను వరండాలోకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి హెడ్ సిస్టర్ గాజుగుడ్డను టర్పెంటైన్ నూనెలో తడిపి పుండు మీద పెట్టి, బయటికొస్తున్న పురుగులను ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే తీస్తోంది. తీస్తూనే, ‘మొలగొలుకుల వడ్లు ఈ ఏడు ఎట్టా పండినయ్ పెద్దాయనా?’ అని అడుగుతోంది. ఆయన తన పొలం గురించి చెబుతూ కాలి సంగతే మరిచిపోయాడు. ఆ సాయంత్రం ఆమె నాతో అన్నది ఇప్పటికీ గుర్తుంది. పురుగులూ చీమూ ఆమెకు లెక్కలేదు, కళ్లె మాత్రం ఇరవై ఏళ్లయినా పడదు. అందుకే సక్షన్ పని ఇంకో సిస్టర్‌కు ఇచ్చి, వాంతులంటే పడని ఆ సిస్టర్ పని తాను చేసేది. ఎవరికి పడనిది వాళ్లకు ఉంటుంది. ఒకరికి వాంతి, ఒకరికి నల్లటి విరేచనం, ఇంకొకరికి కట్టుడు పళ్లు కడగడం. మీకు కళ్లె, పుండు. నమ్మకమైన తోటి సిస్టర్‌తో ఇలాంటి మార్పిడి మాట్లాడుకోవడం తప్పేమీ కాదు. అయితే పూర్తిగా తప్పించుకోకండి, ఎంత తప్పించుకుంటే అసహ్యం అంత గట్టిపడుతుంది.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది, మధ్యలో బయటికి పరిగెత్తి మళ్లీ వెళ్లడం. పొగాకు ఆరబెట్టే బ్యారన్ పక్కన ఇల్లున్నవాళ్లకు ఆ ఘాటు తెలియదు, ఊరి నుంచి వచ్చిన చుట్టానికే తెలుస్తుంది. ముక్కు ఒక వాసనలో కొన్ని నిమిషాలు ఉంటే దానికి అలవాటు పడుతుంది. మీరు బయటికి వెళ్లి గాలి పీల్చుకుని తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ అలవాటు పోతుంది, వాసన మళ్లీ మొదటిసారిలాగే కొడుతుంది. కాబట్టి లోపలికి వెళ్లే ముందే సామాను మొత్తం ట్రేలో సర్దుకోండి. వెళ్లాక నోటితో మెల్లగా గాలి తీసుకుంటూ మొదటి మూడు నాలుగు నిమిషాలు ఓర్చుకోండి. తర్వాత కొంత తగ్గుతుంది. మామూలు మాస్కు కానీ ఎన్95 కానీ వాసనను పెద్దగా ఆపవు. మాస్కు బయటివైపు ఒక చుక్క పుదీనా నూనె వేసుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. ముక్కులోపల మాత్రం బామ్ రాయొద్దు, మంట పుడుతుంది. డ్యూటీకి ఖాళీ కడుపుతో అసలు వెళ్లొద్దు, ఖాళీ కడుపుకు వికారం ఎక్కువ. రెండు ఇడ్లీలు తిని వెళ్లండి.

కళ్లె విషయంలో వాసన కంటే చూపే ఎక్కువ బాధపెడుతుంది. సక్షన్ జార్‌లో ముందే కొంచెం నీళ్లు పోసి ఉంచితే కళ్లె గోడలకు అంటుకోదు, జార్ కూడా తేలిగ్గా శుభ్రమవుతుంది. చూపు జార్ మీద కాకుండా పేషెంటు ఊపిరి మీద, ఆక్సిజన్ అంకె మీద పెట్టండి.

ఇక పుండు వాసన. దీన్ని ఓర్చుకోవడం ఒక్కటే దారి కాదు, తగ్గించవచ్చు. గాలి తగలని చోట పెరిగే బ్యాక్టీరియా వల్ల పుండ్లు కుళ్లు వాసన కొడతాయి. మెట్రోనిడజోల్ జెల్ పూయాలా, బొగ్గు ఉన్న డ్రెస్సింగ్ వేయాలా, చచ్చిన కండ తీసేయాలా అన్నది డాక్టర్ చూసి చెబుతారు. మీరు అడగండి. ‘వాసన ఎక్కువైంది సార్’ అని చెప్పడం ఫిర్యాదు కాదు, రోగి పరిస్థితిని చెప్పడం. ఆ వాసనకు అందరికంటే ఎక్కువ సిగ్గుపడేది ఆ మంచం మీదున్న మనిషి. మాస్కు మీ ముక్కునూ నోటినీ దాస్తుంది కానీ కళ్లను దాచదు, ఆయన మీ కళ్లనే చూస్తుంటాడు.

మీ ముక్కు చురుకైనది కాబట్టి దాన్ని పనికి వాడుకోండి. ఆకుపచ్చ రంగు చీముకు తియ్యటి ద్రాక్షపండు వాసన వస్తే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అయి ఉండొచ్చు. షుగర్ పేషెంటు ఊపిరిలో పండిన పండ్ల వాసన, షుగర్ అదుపు తప్పినప్పుడు ఒంట్లో పేరుకునే కీటోన్లకు గుర్తు. కనిగిరి వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగుల్లో, జబ్బు ముదిరినవాళ్ల నోటి నుంచి మూత్రం లాంటి వాసన మీరు గమనించే ఉంటారు. తారులా నల్లగా, జిగటగా, ఒకసారి పీల్చితే మరిచిపోలేని వాసనతో విరేచనమైతే కడుపులో ఎక్కడో రక్తం కారుతోందని అనుమానించి, ఆ నిమిషమే డాక్టర్‌ను పిలవండి. ఐరన్ మాత్రలకూ విరేచనం నల్లబడుతుంది, కానీ ఆ జిగట, ఆ కంపు ఉండవు.

ఒక్క భయం మాత్రం ఉంది. త్వరగా బయటపడాలన్న తొందరలో చేతులు వణికి సూది గుచ్చుకోవచ్చు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకున్నారో లేదో చూసుకోండి. గుచ్చుకుంటే సబ్బుతో కడిగి వెంటనే డాక్టర్‌కు చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపే, అదీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

మూడు కిలోలు తగ్గడాన్ని వాసన ఖాతాలోనే వేయకండి. పెళ్లయి ఉంటే, నెల తప్పిందేమో ముందు చూసుకోండి, గర్భంతో ఉన్నప్పుడు వాసనలు ఎక్కువ బాధిస్తాయి. తలనొప్పితో పాటు వాసనలు పడకపోతే మైగ్రేన్ కావచ్చు. డ్యూటీ పేరెత్తితేనే గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఉంటే టెన్షన్ ఎక్కువైనట్టే, మానసిక వైద్యులను కలవండి. ముందుగా హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించి, రిపోర్టులు దగ్గర్లోని జనరల్ ఫిజీషియన్‌కు చూపించండి. ఇంట్లో వాళ్లతో చెప్పి కొన్నాళ్లు చేపలు వండటం ఆపించండి, పెరుగన్నం, పప్పన్నం తినండి. వికారం తగ్గాక పులుసు చల్లారిన తర్వాత ఒక్క ముక్కతో మళ్లీ మొదలుపెట్టండి.