విశాఖ వార్తల సైట్ పరీక్ష: ఎక్కడ మొదలుపెట్టాలి
మీ వార్తల సైట్‌ను కొందరితో వాడించి చూసిన పరీక్షలో అందరూ బాగుందన్నా, పాఠకులు వార్త మధ్యలోనే వెళ్లిపోతున్నారని మీరు రాశారు. పరీక్షను ఆఫీసు కంప్యూటర్‌లో, హోమ్ పేజీ నుంచి మొదలుపెట్టడమే బహుశా దీనికి కారణం.

1. గాజువాక, మద్దిలపాలెం వంటి చోట్ల ఐదుగురిని ఎంచుకుని, వారి సొంత ఫోన్లకు వార్త లింకును వాట్సాప్‌లో పంపండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: "నచ్చిందా?" అని అడగకుండా, "తుపాను హెచ్చరిక ఎప్పుడు జారీ అయిందో కనుక్కోండి" అని పని అప్పగించి, వారు తడబడినా సాయం చేయకుండా మౌనంగా గమనించాలి. మనం తయారుచేసిన పేజీలో ఎదుటివారు దారి తప్పుతుంటే చూస్తూ ఊరుకోవడం నిజంగా కష్టం, కానీ వేలు ఆగిన చోటే లోపం బయటపడుతుంది.

3. ప్రకటన ఆలస్యంగా వచ్చి అక్షరాలు కిందికి జరుగుతుంటే దానికి ముందే చోటు కేటాయించండి; వెబ్ పేజీలను పరీక్షించే గూగుల్ సాధనం లైట్‌హౌస్ ఇచ్చే నివేదికలో సీఎల్ఎస్ (పేజీలోని అంశాలు ఎంతగా జరిగిపోతున్నాయో చెప్పే కొలత) విలువ 0.1 దాటకూడదు.

4. వత్తులు కింది వరుసను తాకుతుంటే వరుసల మధ్య ఎడం పెంచండి.