నాటకం చదవాలంటే ఫీజు ఒక్కటే లెక్క కాదు, చెల్లీ

తిరుపతిలో బీకామ్ చివరి ఏడాది చదువుతున్నానని, నాన్న టైలర్ పని చేస్తాడని, తక్కువ ఖర్చులో నాటకం ఎక్కడ చదవాలని అడిగావు. పదకొండేళ్ల కిందట నేనూ ఇదే అడుగుతూ తిరిగాను. చెప్పేవాళ్లు దొరకలేదు.

మాది చిత్తూరు దగ్గర పల్లె. ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజులు భారతం జరిగేది. పగలు హరికథ, రాత్రి నాటకం. మా నాయన ద్రౌపది వేషం కట్టేవాడు. ముఖానికి అర్దళం అనే వేషం రంగు పూసుకుని తెల్లవార్లూ పాడి, పొద్దున్నే చేనికి పోయేవాడు. అంత దగ్గర్నుంచి నాటకం చూసిన నేను, డిగ్రీ కాగానే వడ్డీకి తెచ్చి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు యాక్టింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు 60,000 కట్టాను. ఆరు నెలలు కెమెరా ముందు డైలాగులు చెప్పించారు. ఒక్కరోజు కూడా స్టేజీ ఎక్కించలేదు. ఆ అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది.

ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) చేశాను. రెండేళ్ల కోర్సు. ఫీజు నాకు భారం అనిపించలేదు. మెస్ బిల్లే భయపెట్టింది. పగలు క్లాసులు, సాయంత్రం నుంచి రాత్రి దాకా రిహార్సల్స్. ఇక పార్ట్‌టైమ్ పనికి టైమ్ ఎక్కడిది? అందుకే 24 నెలల తిండి ఖర్చు ముందే లెక్క వేసుకో. రాష్ట్రం దాటితే స్కాలర్‌షిప్ వర్తిస్తుందో లేదో చేరకముందే కనుక్కో. నేను కనుక్కోకుండా వెళ్లి మొదటి సెమిస్టర్ అంతా టెన్షన్ పడ్డాను. మా రోజుల్లో యూనివర్సిటీయే ఎంట్రన్స్ పెట్టేది, ఇప్పుడు సీయూఈటీ పీజీ అనే జాతీయ స్థాయి ఉమ్మడి ఎంట్రన్స్ రాయాలి.

మన రాష్ట్రంలోనే ఉండాలంటే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి రంగస్థల కళల విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లినా సీనియర్లను ఒకటే అడుగు: ఏడాదికి ఎన్ని నాటకాలు వేస్తారు, అందులో నీలాంటి కొత్తవాళ్లకు ఏం పని ఇస్తారు? లైటింగ్, సెట్, మేకప్ కూడా చేతితో చేయించే చోటు అయితే చేరు. నాకు ఇవాళ అన్నం పెడుతున్నది నటన కాదు, అక్కడ నేర్చుకున్న లైటింగ్ పని.

డబ్బు అసలే లేదంటే ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు గట్టిగా ప్రయత్నించు. మూడేళ్ల డిప్లొమా, చదువుకునేవాళ్లకు నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు. సీట్లు చాలా తక్కువ. డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతారు. ఇక్కడే మన పిల్లలు చాలామంది ఆగిపోతారు. నాటకాలు వేసి ఉంటారు, కాగితం ఉండదు. కాలేజీ నాటకమైనా, నాటక పరిషత్తు పోటీ అయినా కరపత్రం, ఫొటో, సర్టిఫికెట్ ఇప్పటి నుంచే దాచిపెట్టు.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు ఇంకో మేలుంది. నగరి, చిత్తూరు వైపు తమిళం, కుప్పం, పలమనేరు వైపు కన్నడం చిన్నప్పటి నుంచే చెవిన పడుతుంది. నీకు కన్నడం వస్తే కర్ణాటకలో హెగ్గోడు అనే పల్లెలో నీనాసం ఉంది. 1980లో మొదలైన రంగశిక్షణ కేంద్రం అది. కోర్సు ఒక్క ఏడాదే. అక్కడే ఉండి నేర్చుకోవాలి. తమిళం వస్తే పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో కూడా నాటక విభాగం ఉంది. భాష రాకుండా మాత్రం వెళ్లొద్దు. మాట పలకని చోట నటి సగం మూగదైపోతుంది.

తిరుపతి వదల్లేని పరిస్థితి అయితే టీటీడీ ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది కదా. అది నాటకం కోర్సు కాదు. కానీ హరికథ నేర్పుతారు. ఒక్క మనిషి నిలబడి పది పాత్రలు నడపడం కంటే మంచి నటన పాఠం నాకు తెలియదు.

మీ అమ్మ రాత్రి రిహార్సల్స్ గురించి భయపడుతోందని రాశావు. మా అమ్మా భయపడింది. ఎంపీఏ మొదటి ఏడాది నాటకానికి ఆమెను రైలెక్కించి తీసుకెళ్లాను. హాస్టల్ చూసింది, రిహార్సల్ హాల్లో మాతో పాటు కూర్చుంది, మేడంతో మాట్లాడింది. మీ అమ్మనూ చేరకముందే ఒకసారి తీసుకెళ్లు.