గోడకు చీటీలు అంటిస్తే కోడింగ్ వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు. ప్రోగ్రామింగ్ క్లాసులో డిజైన్ థింకింగ్ అంటూ నలుగురినీ ప్రశ్నలడగడం, గోడకు చీటీలు అంటించడంతోనే సరిపోతోంది. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: డిజైన్ థింకింగ్ అంటే వాడే మనిషి ఇబ్బందిని ముందు కనుక్కుని, దానికి తగ్గట్టు తయారుచేసి, ఆ మనిషి చేతే వాడించి చూడటం. చీటీల దగ్గరే ఆగిపోతే పనికిరాదండీ. 12 పీరియడ్ల ప్రాజెక్టులో వాటికి 3 చాలు, 4వ పీరియడ్‌కల్లా ప్రోగ్రామ్ ఎక్కించే సర్క్యూట్ బోర్డు చేతికి రావాలి. ఆ మూడింటినీ మాత్రం ఎగ్గొట్టకూడదు.

ట్యాంకు పొంగిపోతోందనుకోండి. "అలారం కావాలా?" అంటే ఎవరైనా కావాలనే అంటారు. "పోయినసారి పొంగినప్పుడు మీరెక్కడున్నారు?" అని అడగాలి. మోటారు వేసే మనిషి బజర్ వినపడనంత దూరంలో ఉంటే అలారం దండగ, మోటారే ఆగిపోవాలి. రాయాల్సిన ప్రోగ్రామే మారిపోయింది కదా!

తర్వాత కాగితం మీద ఆడించాలి. ఒకరు సెన్సర్, ఒకరు బోర్డు. బోర్డు పాత్రధారి చీటీలో ఉన్నదే చేయాలి, సొంత తెలివి వాడకూడదు. "నీళ్లు గీతను తాకితే మోటారు ఆపు, లేకపోతే మోటారు వెయ్యి." ఇఫ్-ఎల్స్ అంటే ఇంతే.

దాన్నే బోర్డుకెక్కిస్తే అలలకు ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టాన్ని బట్టి తేలుతూ పనిచేసే స్విచ్) ఊగి, రిలే (చిన్న కరెంటుతో మోటారును వేసి ఆపే స్విచ్) టకటకా కొట్టుకుంటుంది. ఆపడానికీ వేయడానికీ ఒకటే గీత పెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది. పై గీత దగ్గర ఆపి, నీళ్లు కింది గీతకు దిగాకే మళ్లీ వేయాలి. రెండు గీతల మధ్య ఉన్నంతసేపూ మోటారు నడుస్తోందా లేదా అన్నది వేరియబుల్‌లో, అంటే ప్రోగ్రామ్ విలువను దాచుకునే చోట, గుర్తుండాలి. మోటారు స్టార్టర్‌లో హోల్డింగ్ కాంటాక్ట్ (స్టార్ట్ బటన్ వదిలేసినా మోటారును నడిపిస్తూ ఉంచేది) చేసే పనే ఇది. మీవాడికి వర్క్‌షాపులో తెలిసిందే కాబట్టి బట్టీ పట్టక్కర్లేదు. రేపు ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే కంప్యూటర్ పీఎల్‌సీకి లాడర్ ప్రోగ్రామ్ రాసేటప్పుడూ ఇదే తర్కం ఎదురవుతుంది. ఉద్యోగానికి అసలు దారి అదే.

రిలేని నేరుగా ఆర్డుయినో యూనో అనే బోర్డు పిన్‌కి కలిపేయడం మరో పొరపాటు. పిన్ నుంచి 20 మిల్లీయాంపియర్లు దాటనివ్వకూడదు, చిన్న 5 వోల్టుల రిలే కాయిలే సుమారు 70 లాగుతుంది. పిన్ బదులు ఆ కరెంటును మోయడానికి మధ్యలో ట్రాన్సిస్టర్, ఆపినప్పుడు కాయిల్ నుంచి వచ్చే వోల్టేజీ దెబ్బ తగలకుండా కాయిల్‌కి సమాంతరంగా తిరగేసిన డయోడ్ ఉండాలి. క్లాసులో మోటారు బదులు ఎల్‌ఈడీ చాలు.

చివర్లో ఆ మోటారు మనిషికే ఇచ్చి, ఏమీ వివరించకుండా చూడాలి. ఎక్కడ తడబడితే అక్కడ కోడ్ మార్చాలి. మొదటి వెర్షన్‌ని చెరిపేయొద్దనండి. ఏది, ఎందుకు మార్చాడో పక్కనే రాసుకుంటే ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కంటే అదే నయం. కోడ్ రాసే నియమాలు (సింటాక్స్), ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులు మాత్రం రోజూ అరగంట ఖాళీ ఫైల్‌లో సొంతంగా టైప్ చేస్తేనే వస్తాయి.