మీటరులో 60, కంటికి 40

ప్రశ్న: డ్రైవింగ్ స్కూల్ సిమ్యులేటర్‌లో మీటరు 60 చూపిస్తున్నా 40లో పోతున్నట్టే ఉంటోంది. మిషన్ పాడైందంటారా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: పాడవ్వక్కర్లేదండీ. వేగం బాగా తెలిసేది కంటి అంచుల్లో వెనక్కి జారిపోయే చెట్లు, రాళ్ల వల్ల. 60 సెంటీమీటర్ల వెడల్పు తెరకు 70 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే మీ చూపులో అది 46 డిగ్రీలే. పక్కలన్నీ గది గోడలే. కుర్చీ 50 సెంటీమీటర్లకు జరిపితే 62 డిగ్రీలవుతుంది. సెట్టింగుల్లో చూపు కోణమూ (తెర మీద ఎంత వెడల్పు దృశ్యం చూపాలన్నది) అంతే పెట్టించండి. వేగం తెలియాలని ఆ కోణం ఇంకా పెంచితే ఎదుటి లారీ చిన్నదై, ఉన్నదానికన్నా దూరంగా కనబడుతుంది. అదింకా ప్రమాదం! ఇంజిన్ చప్పుడు తగ్గించి ఉంటే పెంచమనండి. బస్సు మోడల్‌లో కన్ను ఎత్తున ఉంటుంది కాబట్టి రోడ్డు మరీ నెమ్మదిగా కదులుతుంది. ఈలోగా మలుపు ముందు మీటరు చూసే బ్రేకు వేయండి. గుణుపూర్ రోడ్డెక్కాక కుదుపులే చెప్తాయి లెండి.